కథల కోసం ఒక నోటుపుస్తకం: ఏం రాసుకోవాలి, ఎలా వాడుకోవాలి

కథ రాద్దామని కూర్చుంటే ఏమీ తోచదు. బస్సులో నిలబడి ఉన్నప్పుడో, కూరగాయలు ఏరుకుంటున్నప్పుడో, స్నానం చేస్తున్నప్పుడో మాత్రం బోలెడు తోస్తాయి. తీరా ఇంటికొచ్చి కాగితం ముందు పెట్టుకునేసరికి వాటిలో ఒక్కటీ గుర్తుండదు. రాయాలనుకునే వాళ్లందరికీ ఉండే ఇబ్బందే ఇది. దీనికి నోటుపుస్తకం పెట్టుకోమని అందరూ చెప్తారు. చాలామంది కొంటారు కూడా. నాలుగైదు పేజీలు రాసి ఆపేస్తారు.

ఎందుకు ఆపేస్తారంటే, అందులో ఐడియాలు రాయాలనుకుంటారు. ఐడియాలు రోజూ రావు. వచ్చినా "తండ్రీకొడుకుల మధ్య దూరం మీద కథ" అని ఒక్క ముక్క రాసుకుంటే అది రేపటికి దేనికీ పనికిరాదు. చూసేవి, వినేవి మాత్రం రోజూ ఉంటాయి. నోటుపుస్తకంలో రాయాల్సింది అవి. ఐడియా వాటిలోంచి తర్వాత పుడుతుంది, అది కూడా మీరు ఆ పుస్తకాన్ని మళ్లీ చదివినప్పుడు. నేను చెప్పబోయే పద్ధతంతా ఈ రెండు పనుల చుట్టూనే తిరుగుతుంది: చూసింది చూసినట్టు రాయడం, రాసింది మళ్లీ చదవడం.

ముందు పుస్తకం సంగతి

జేబులోనో హ్యాండ్‌బ్యాగులోనో పట్టే చిన్న నోట్‌బుక్ కొనండి. ఏ స్టేషనరీ షాపులోనైనా తక్కువ ధరకే దొరుకుతుంది. ఖరీదైన తోలు అట్ట పుస్తకం వద్దు. అందులో కొట్టివేతలు చేయడానికి చేతులు రావు, మంచి వాక్యం దొరికాక రాద్దామని వాయిదా వేస్తాం. జనవరిలో బీమా ఏజెంటో బట్టల కొట్టువాళ్లో ఇచ్చే డైరీ కూడా ఈ పనికి వాడకండి. అందులో ప్రతి పేజీకీ ఒక తేదీ ఉంటుంది. నాలుగు రోజులు రాయకపోతే నాలుగు ఖాళీ పేజీలు మొహంలో మొహం పెట్టి చూస్తాయి, ఇక దాన్ని తెరవబుద్ధి కాదు. తేదీలు లేని పుస్తకంలో ఆ టెన్షన్ ఉండదు. రాసిన రోజు తేదీ మీరే వేసుకుంటారు.

పెన్ను బాల్‌పెన్నే మంచిది. ఇంకు పెన్నుతో రాస్తే చెమట చేయి తగిలినా, నాలుగు చినుకులు పడినా అలుక్కుపోతుంది.

మొదటి అక్షరం రాయకముందే మూడు పనులు చేయండి. పేజీలన్నిటికీ నంబర్లు వేయండి. చివర ఓ నాలుగు పేజీలు సూచిక కోసం వదిలేయండి. ఆపైన, రాసేదంతా కుడివైపు పేజీల మీదే రాయాలని నియమం పెట్టుకోండి. ఎడమవైపు పేజీ ఖాళీగా ఉండాలి. కాగితం దండగ అనిపిస్తుంది గానీ, ముందు ముందు మీ కథలు మొదలయ్యేది ఆ ఎడమ పేజీల మీదే.

చూసింది రాయండి

ఒక సాయంత్రం బస్సులో ఏదో చూశారు, మనసు కదిలింది. ఇంటికొచ్చి ఇలా రాశారనుకోండి:

"బస్సులో ఒక ముసలామె. చాలా జాలేసింది. ఈ రోజుల్లో పెద్దవాళ్లకు సీటిచ్చే మానవత్వం కూడా లేదు."

ఆరు నెలల తర్వాత ఇది చదివితే ఏమీ కనబడదు. ఏ ముసలామె? ఏం చేసింది? దేన్ని చూసి జాలేసింది? రాసినవాళ్ల అభిప్రాయం ఒక్కటే మిగిలింది. దానికోసం బస్సెక్కక్కర్లేదు. అదే సంగతి ఇలా రాస్తే?

"పల్లెవెలుగు బస్సు, సాయంత్రం, బాగా రద్దీ. ఒకతను కిటికీలోంచి తువ్వాలు వేసి సీటు ఆపుకున్నాడు. తోసుకుంటూ ఎక్కి వచ్చేసరికి ఆ సీట్లో ఒక పెద్దావిడ కూర్చుని ఉంది. తువ్వాలు నాలుగు మడతలు పెట్టి ఒళ్లో పెట్టుకుంది. అతని చేతికిస్తూ 'కింద పడిపోద్దని పట్టుకున్నా నాయనా' అంది. లేవలేదు. అతనేమీ అనలేదు. దిగేదాకా ఆ తువ్వాలు భుజాన వేసుకోలేదు, చేతిలోనే పట్టుకుని నిలబడ్డాడు."

ఇందులో జాలి, మానవత్వం అనే మాటల్లేవు. అయినా ఆవిడ తెలివి కనిపిస్తోంది, అతని మొహమాటం కనిపిస్తోంది. మడతపెట్టిన తువ్వాలు ఉంది. "లేవలేదు" అన్న ఒక్క మాటలో ఆవిడ స్వభావమంతా ఉంది. ఎన్నాళ్ల తర్వాత చదివినా ఆ బస్సు మళ్లీ కళ్లముందుకు వస్తుంది.

అందుకని ప్రతి నోటులోనూ ఇవి ఉండేలా చూసుకోండి: ఎక్కడ, ఏ పూట, ఎవరు ఏం చేశారు, నోటితో ఏమన్నారు, చేతిలోనో పక్కనో ఉన్న ఒక వస్తువు. ఐదారు వాక్యాలు చాలు. "దీనంగా", "విచిత్రంగా", "గర్వంగా" అని రాయాలనిపించినప్పుడల్లా చేయి ఆపి, దేన్ని చూస్తే అలా అనిపించిందో అది రాయండి. గర్వంగా కూర్చున్నాడని మీకెలా తెలిసింది? కాలు మీద కాలు వేసుకున్నాడా, పలకరిస్తే తల తిప్పకుండా కళ్లు మాత్రం తిప్పాడా? ఆ కళ్లు తిప్పడమే మీకు కావాల్సింది.

మొదట్లో ఇది కష్టంగానే ఉంటుంది. మనకు చిన్నప్పటి నుంచీ స్కూల్లో వ్యాసాలు రాయించి రాయించి, ఏది రాసినా చివర ఒక తీర్పు చెప్పే అలవాటు పడిపోయింది. ఆ తీర్పు రాకుండా ఆపుకోవడం కొన్ని వారాలు సాధన చేస్తే వస్తుంది.

మాటలు విన్నవి విన్నట్టే

నోటుపుస్తకంలో అన్నిటికంటే విలువైనవి మనుషుల మాటలు. తెలుగు కథ రాసేవాళ్లకు మరీను. మన భాష జిల్లాజిల్లాకూ మారుతుంది. విజయనగరం వైపు "ఏటి సేస్తన్నావు" అంటారు, నల్గొండలో "ఏం జేస్తున్నవ్" అంటారు, అనంతపురంలో "ఏం చేస్తాండావు" అంటారు. ఇంటికొచ్చి వాటన్నిటినీ "ఏం చేస్తున్నావు" అని సరిదిద్ది రాసుకున్నారంటే ఆ మనిషి పోయినట్టే. తర్వాత ఊహించి యాస పెడితే ఆ ఊరివాళ్లు మొదటి పేజీలోనే పట్టేస్తారు. కాబట్టి వినబడ్డదాన్ని వినబడ్డట్టు, అక్షరాలు ఎంత వింతగా కనిపించినా సరే, అలాగే రాయండి. ఫోన్లో వాయిస్ టైపింగ్‌ను దీనికి నమ్ముకోకండి. యాసలో పలికిన మాటను అది తనకు తెలిసిన మాటగా మార్చేస్తూ ఉంటుంది.

పిలుపులు కూడా రాసుకోండి. చుట్టాల ముందు కోడల్ని "అమ్మా" అని పిలిచిన అత్తగారు వంటింట్లోకి వెళ్లగానే "ఏమే" అంటే, ఆ ఇంటి కథ సగం అక్కడే తెలిసిపోతుంది. మాట ఎక్కడ ఆగింది, ఎవరు రాగానే ఆగింది అన్నది కూడా ముఖ్యమే.

పక్కవాళ్లు ఫోన్లో మాట్లాడుకునేటప్పుడు మనకు ఒక వైపే వినబడుతుంది. అది వరం అనుకోండి. వినబడిన వైపు మాత్రమే రాయండి, రెండో వైపు అప్పుడే పూరించకండి. ఉదాహరణకు ఇలా:

"బస్టాండు బెంచీ మీద ఒకావిడ ఫోన్లో: 'ఆ చీర నాకొద్దు వదినా... కాదు, బాగుంది, బాగోలేదని కాదు... ఆవిడ కట్టుకున్నదని ముందే చెప్పి ఇచ్చుంటే తీసుకునేదాన్ని.' తర్వాత చాలాసేపు వింటూ ఊరుకుంది. 'సరే, ఉంటాను' అని పెట్టేసింది."

విదేశాల్లో ఉండే తెలుగువాళ్లు, మాకు ఇక్కడ ఇలాంటివి ఏం దొరుకుతాయి అనుకుంటారు. ఆదివారం అమ్మానాన్నలతో చేసే వీడియో కాల్ ఉందిగా. "అంతా బాగానే ఉన్నాం" అన్న తర్వాత వచ్చే వాక్యం రాసుకోండి. కబురు ఏ వరసలో చెప్తారో చూడండి: ముందు ఎవరి పెళ్లి, తర్వాత ఎవరి ఆపరేషన్, చివర్లో ఫోన్ పెట్టేస్తూ పెట్టేస్తూ ఏం చెప్పారో. అసలు విషయం చాలాసార్లు ఆ చివరిదే.

పనులు, పనిముట్లు, ధరలు

మన కథల్లో పాత్రలకు వృత్తి ఉంటుంది గానీ వాళ్లు పనిచేస్తుండగా కనిపించడం తక్కువ. నేత కార్మికుడని చెప్తారు, మగ్గం దగ్గర అతని చేతులేం చేస్తాయో చెప్పరు. తెలియకపోవడమే కారణం, తెలుసుకోవడం మాత్రం కష్టమేమీ కాదు. పోచంపల్లి చీర సంగతే చూడండి. నేతకు ముందు ఆసు పోయాలి. సగం వలయంలా అమర్చిన మేకుల చుట్టూ దారాన్ని తిప్పుతూ, చేత్తో పోస్తే ఒక్క చీరకు చేతిని కొన్ని వేల సార్లు ఆడించాలి. చాలా ఇళ్లలో ఈ పని చేసేది ఆడవాళ్లే. ఈ పనికి యంత్రం రాకముందు ఏళ్ల తరబడి ఆసు పోసిన వాళ్లకు భుజాలు పట్టేసేవి. ఇంత తెలిశాక, అన్నం వడ్డిస్తూ గరిట చేయి మార్చుకునే ఒక తల్లి మీ కథలోకి రాగలదు. తెలియకపోతే "కష్టజీవి" అని రాసి ఊరుకుంటారు.

ఎవరినైనా అడిగేటప్పుడు "మీ పని గురించి చెప్పండి" అనకండి. అలా అడిగితే "ఏముందండీ, మామూలే" అంటారు. పొద్దున రాగానే మొదట ఏం చేస్తారు? కొత్తగా చేరినవాళ్లు ఎక్కడ తప్పు చేస్తారు? సాయంత్రానికి ఏది నొప్పి పుడుతుంది? ఇలాంటి చిన్న ప్రశ్నలు అడగండి. వాళ్లు వాడిన మాట అర్థం కాకపోతే వెంటనే అడిగి, అదే మాట రాసుకోండి. ఈ పని ఒకప్పుడు పెద్ద ఎత్తున జరిగింది. భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి ఆధ్వర్యంలో ఊళ్లు తిరిగి పోగుచేసిన మాండలిక వృత్తి పదకోశం వ్యవసాయ సంపుటం 1962లో, చేనేత సంపుటం 1971లో వచ్చాయి. పాత లైబ్రరీల్లో కనిపిస్తే తప్పక తిరగేయండి. ఒకే పనిముట్టుకు ఇన్ని ప్రాంతాల్లో ఇన్ని పేర్లున్నాయా అని ఆశ్చర్యపోతారు.

ధరలు కూడా తేదీ వేసి రాయండి: కిలో టమాటా, రోజు కూలి, ఆటోవాడు అడిగింది, మీరిచ్చింది. పదేళ్ల తర్వాత ఈ కాలం మీద కథ రాస్తే వీటి విలువ తెలుస్తుంది. అంకెలతో సాహిత్యానికేం పని అనుకోవద్దు. గురజాడ 1897లో కన్యాశుల్కం అచ్చు వేసినప్పుడు ముందుమాటలో ఒక జాబితా సంగతి చెప్పారు. విశాఖపట్నం జిల్లాలో మూడేళ్లలో జరిగిన శుల్క వివాహాల లెక్క తీయిస్తే 1034 తేలాయట. ఆ పెళ్లికూతుళ్లలో ముగ్గురికి ఏడాది వయసు. ఈ అంకె చదివాక ఆ నాటకంలో నవ్వించే చోట్ల కూడా మనసు బరువెక్కుతుంది. మీరు పేపర్లో జిల్లా పేజీ చదివేటప్పుడు మూలనున్న నాలుగు లైన్ల వార్తలు చూడండి. మిమ్మల్ని ఆపిన వార్తను కత్తిరించి, తేదీతో సహా పుస్తకంలో అతికించండి.

ఎప్పుడు, ఎలా

జనం మధ్య పుస్తకం తీసి రాయడం మొదలుపెడితే మాట్లాడేవాళ్లు మాట ఆపేస్తారు. అది మర్యాద కూడా కాదు. అక్కడికక్కడ రెండు మూడు మాటలు చాలు: "తువ్వాలు, నాలుగు మడతలు, పడిపోద్దని." వాట్సాప్‌లో మీకు మీరే మెసేజ్ పెట్టుకున్నా సరిపోతుంది. అదే రోజు రాత్రి పడుకోకముందు పుస్తకంలో పూర్తిగా రాయండి. తెల్లారేసరికి వాళ్ల మాటలు కరిగిపోయి మన మాటలు వచ్చి కూర్చుంటాయి. ఫోన్లోనే వదిలేస్తే ఓటీపీలు, ఫార్వర్డుల మధ్య ఎక్కడో పడి ఉంటుంది, మళ్లీ చూడరు.

రోజుకు ఒక్క నోటు లక్ష్యంగా పెట్టుకోండి. ఎక్కువ రాసే రోజులు వాటంతటవే వస్తాయి. ఈ రోజు ఏమీ జరగలేదు అనిపిస్తే, ముందుగా ఒకటి అనుకుని బయటికి వెళ్లండి. ఈ రోజు చేతులు మాత్రమే చూస్తాను: టిఫిన్ బండి దగ్గర దోసె తిప్పే చేయి, చిల్లర లెక్కపెట్టే కండక్టర్ చేయి, ఓపీ చీటీ పట్టుకుని క్యూలో నిలబడ్డ చేయి. ఇంకో రోజు చెప్పులు, మరో రోజు గోడల మీద రాతలు. ఇల్లు కదలని రోజైతే ఇంట్లో ఉన్న ఒక పాత వస్తువు ఎవరు కొన్నారో, ఎందుకు పారేయలేదో పెద్దవాళ్లను అడగండి.

పుస్తకాల్లో నచ్చిన వాక్యాలు కూడా ఎత్తి రాసుకుంటారు కదా, అవి వెనకవైపు నుంచి, సూచిక పేజీలు వదిలేసి, వేరే విభాగంగా రాయండి. రచయిత పేరు, పేజీ నంబరు తప్పనిసరి. ఇది చిన్న జాగ్రత్తగా కనిపిస్తుంది గానీ, గుర్తు పెట్టుకోకపోతే కొన్నేళ్లకు ఆ వాక్యం మీదేనని మీరే నమ్మి కథలో వాడేస్తారు.

ఎడమ పేజీ

పది పదిహేను రోజులకోసారి ఒక అరగంట తీరిక చేసుకుని పుస్తకం మొదటి నుంచి చదవండి. ఈసారి వేరే రంగు పెన్ను పట్టుకోండి. ఏ నోటు దగ్గర ఆగాలనిపిస్తే దానికి ఎదురుగా ఎడమ పేజీ మీద ఒక ప్రశ్న రాయండి. జవాబు కోసం తొందరపడకండి.

తువ్వాలు నోటు ఎదురుగా: "అతను సీటు ఆపింది తన కోసమేనా?"

చీర నోటు ఎదురుగా: "ఎవరా ఆవిడ?"

కొన్నాళ్లకు మళ్లీ చదివినప్పుడు ఈ ప్రశ్నల కింద ఇంకో వాక్యం వస్తుంది. సీటు అతను తన భార్య కోసం ఆపాడేమో, ఆమె వెనకాల మెల్లగా నడిచి వస్తోందేమో. ఇటు చీర ఇచ్చింది భర్తేనేమో, "ఆవిడ" అతని మొదటి భార్యేమో. ఇప్పుడు రెండు నోట్లనూ పక్కపక్కన పెట్టి చూడండి. అతని భార్య, ఫోన్లో మాట్లాడిన ఆవిడ ఒక్కరే అయితే? రెండో పెళ్లివాడు. పోయినావిడ చీరను, ఆ సంగతి చెప్పకుండా కొత్త భార్యకు ఇచ్చాడు. ఈ రోజు బస్సులో, తను ఆపిన సీటును కూడా భార్య కోసం అడగలేకపోయాడు. ఆమె గంటసేపు పక్కనే నిలబడింది. చీర గురించి చెప్పని నోరే సీటు గురించీ పెగల్లేదని ఆమెకు ఆ గంటలో అర్థమైంది.

ఇదిగో, ఇది కథ. రెండు వేర్వేరు రోజుల్లో, ఒకరికొకరు ఏమీ కాని ఇద్దరి దగ్గర దొరికిన ముక్కలు కలిశాయి. "మొహమాటస్తుడైన భర్త మీద కథ రాయాలి" అని కూర్చుంటే ఆ తువ్వాలూ దొరకదు, ఆ చీరా దొరకదు.

కలిసే ముక్కలు దొరకడానికి చివరి పేజీల్లోని సూచిక పనికొస్తుంది. నెలకోసారి అందులో ఒక్కో మాటా, పేజీ నంబరూ ఎక్కించండి: తువ్వాలు 15, చీర 31, ఆసు 41. కొన్నాళ్లకు ఒకే రకం సంగతులు మీ కంట ఎక్కువ పడుతున్నాయని తెలుస్తుంది. ఒకరికి ఎప్పుడూ డబ్బు లెక్కలు కనబడతాయి, ఇంకొకరికి అన్నం దగ్గర జరిగే గొడవలు. మీరు దేని గురించి రాయగలరో ఆ సూచిక చూస్తే మీకే తెలుస్తుంది.

ముక్కలు కలిశాక ఆలస్యం చేయకండి. ఒకే చోటు, ఇద్దరే మనుషులు, ఒక వస్తువు పెట్టుకుని ఒక్క పేజీ చిత్తుప్రతి రాయండి. నోటులో ఉన్నదంతా కథలో పెట్టాలని చూడొద్దు. నిజంగా జరిగింది కదా అని పెట్టిన వివరాలే కథకు అడ్డం పడుతుంటాయి.

ఎవరి బతుకు అది

పుస్తకంలో అసలు పేర్లు రాయకండి. ఒక అక్షరమో గుర్తో పెట్టుకోండి. పుస్తకం బస్సులో పోవచ్చు, ఇంట్లో ఎవరైనా తెరవొచ్చు. ఎవరైనా నమ్మి చెప్పుకున్న రహస్యం ముడిసరుకు కాదు, వాళ్లు ఒప్పుకుంటే తప్ప. చాటుగా ఫోన్లో రికార్డు చేయడం అసలే వద్దు. ఆసుపత్రి వార్డులోనూ చావింట్లోనూ పెన్ను జేబులోనే ఉండాలి. అక్కడ మీరు బంధువో స్నేహితులో, ముందు ఆ పని చూడండి.

కథలోకి తెచ్చేటప్పుడు ఊరు, వృత్తి, వయసు మార్చండి. పేరొక్కటి మారిస్తే సరిపోదు. ఆ వీధివాళ్లు చదివి "ఇది ఫలానా వాళ్లింటి సంగతి కదూ" అని వేలు పెట్టి చూపించగలిగితే ఇంకా మార్చాల్సింది ఉన్నట్టే.

పుస్తకం నిండాక

రష్యన్ కథకుడు చెహోవ్ తన నోటుపుస్తకంలో వాడేసిన నోటును కొట్టేసేవాడు. ఎక్కువ భాగాన్ని మళ్లీ ఒక ప్రత్యేకమైన పుస్తకంలోకి ఎత్తి రాసుకున్నాడు కూడా. 1904లో ఆయన పోయాక కాగితాల్లో "ఇతివృత్తాలు, ఆలోచనలు, నోట్సు, తునకలు" అని పేరు రాసి పెట్టిన కట్ట ఒకటి దొరికింది. కొట్టేయడం, ఎత్తి రాయడం, ఆ రెండు పనులూ మీరూ చేయండి. కథలో వాడిన నోటు మీద ఒక్క అడ్డగీత గీయండి, చదవడానికి వీలుగానే. అదే ముసలావిడ రెండు కథల్లో రెండు సార్లు తువ్వాలు మడతపెట్టకుండా ఆ గీత కాపాడుతుంది.

పుస్తకం అయిపోగానే, ఇంకా మిమ్మల్ని వదలని నోట్లను కొత్త పుస్తకం మొదటి పేజీల్లోకి చేత్తో ఎత్తి రాయండి. ఫొటో తీసి ఊరుకోవద్దు. చేత్తో రాయాలంటే బద్ధకం వేస్తుంది కాబట్టి నిజంగా కావాల్సినవే మిగులుతాయి. రాస్తుండగా కొన్ని వాక్యాలు తమంతట తామే మారతాయి, మారనివ్వండి.

పాత పుస్తకం అట్ట మీద మొదలుపెట్టిన తేదీ, ముగించిన తేదీ, ఆ రోజుల్లో మీరున్న ఊరు రాయండి. పేజీలన్నీ ఒకసారి ఫోన్‌తో స్కాన్ చేసి డ్రైవ్‌లో దాచండి. పుస్తకాన్ని నేలకు ఆనించి, గోడవార పెట్టకండి. మన ఊళ్లలో చెదలకు అదే మొదటి దారి. అలమరాలో పై అరలో పెట్టి, వానాకాలం పోగానే ఒకసారి తీసి ఎండ చూపించండి. ఎలాగూ తీశారు కాబట్టి, కొట్టేయని నోట్లు ఇంకేమైనా మిగిలాయేమో కూర్చుని చదవండి.